తిరుగు బండి

కిందటి ఫిబ్రవరిలో మా సంఘం తరఫున బళ్ళారి రాఘవ కళామందిరంలో సత్య హరిశ్చంద్ర నాటకం వేయించాం. ఆహ్వానపత్రిక అచ్చుకు వెళ్ళేముందు కమిటీలో ఒక చర్చ జరిగింది. ప్రారంభం సాయంత్రం 5-30 గంటలకు అని రాశారు, బాగానే ఉంది. దాని పక్కనే "ముగింపు 8-30 గంటలకు" అని కూడా వేయాలన్నారు. చిన్నప్పటి నుంచి నాటకాలు చూస్తున్న వాణ్ణి, ముగింపు వేళ వేసిన నాటకపత్రిక నేనెన్నడూ చూడలేదు. మా కోశాధికారి నోరు ఊరుకోదు. "పెళ్ళి శుభలేఖలో విడాకుల తేదీ వేసినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వి, ముగింపు వేళ వేయాలనే తీర్మానించారు.

కారణం అందరికీ తెలిసిందే. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది అరవై దాటినవాళ్ళు. తొమ్మిది దాటితే వాళ్ళ పేటలకు బస్సు దొరకదు. ఆటోవాడు రాత్రిపూట రెట్టింపు అడుగుతాడు. పిల్లలు వచ్చి తీసుకుపోతారా అంటే, పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉన్నారు.

నాటకాన్ని సినిమా చంపిందని కొందరు, సినిమాను టీవీ చంపిందని కొందరు, ఇప్పుడు అన్నింటినీ సెల్ ఫోన్ చంపుతోందని కొందరు అంటూ ఉంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైల్వే పార్సిల్ ఆఫీసులో తూకాలు వేసిన గుమాస్తాను నేను. నా లెక్క వేరే. మనిషి ఆట చూడటానికి ఎట్లా పోతాడనేది కాదు, ఆట అయిపోయాక ఇంటికి ఎట్లా చేరతాడనేదే అసలు సంగతి. పోయే బండి ఎప్పుడూ దొరుకుతుంది. తిరుగు బండి దొరకాలి కదా!

మా ఊరి గొప్ప చెప్పుకోకుండా ముందుకు పోలేను, క్షమించాలి. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపడ్డ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) సరసవినోదిని సభ పెట్టింది మా బళ్ళారిలోనే. ఆయనకు పోటీగా నిలిచిన కోలాచలం శ్రీనివాసరావుగారు (1854–1919) సుమనోరమ సభ నడిపిందీ ఇక్కడే. ఆచార్యులవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే మన బళ్ళారి రాఘవ (1880–1946). ముగ్గురూ ప్లీడర్లే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగస్థలం మీద వాదించేవారని మా నాయన చమత్కరించేవాడు. ఆయన అదే కోర్టులో నకలు గుమాస్తా కాబట్టి రెండు వాదనలూ విన్నవాడు.

నాయన చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నది రాఘవగారి పఠాన్ వేషం కాదు, నాటకశాల బయటి సంగతి. ఆ రోజుల్లో ఆట రాత్రి తొమ్మిదిన్నరకో పదికో మొదలై తెల్లవారుజాము దాకా సాగేది. ఎందుకంత సేపు? పద్యాలు ఎక్కువని, రాగాలు తీసేవారని అంటారు. అదీ నిజమే. రాఘవగారే ఆ రాగాలాపనలు తగ్గించి, మాటకూ ముఖానికీ ప్రాధాన్యం ఇచ్చారని పుస్తకాల్లో చదువుతాం. కానీ నాయన ఇంకో కారణం చెప్పేవాడు. పల్లెల నుంచి ఎద్దుల బండ్లు కట్టుకొని వచ్చినవాళ్ళు అర్ధరాత్రి చీకట్లో తిరిగి పోలేరు. ఆట రెండింటికే ముగిస్తే వాళ్ళు ఎక్కడ పడుకోవాలి? తెల్లవారేదాకా ఆడాల్సిందే. కోడి కూసినాక భరతవాక్యం, ఆ వెంటనే బండ్లు కట్టడం. ఆట నిడివిని ఎద్దులు నిర్ణయించాయన్న మాట.

మా అత్త ఊరు హగరి ఏటికి అవతల, ఆలూరు తాలూకాలో ఒక పల్లె. నాటకం ఉందని కబురు అందితే పొద్దున్నే సద్ది మూట కట్టుకొని బండిలో బయలుదేరేది. సాయంత్రానికి మా ఇంటికి చేరి, ఎద్దులకు మేత వేయించి, కాళ్ళు కడుక్కొని, కాఫీ తాగి ఆటకు పోయేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారితో సహా మిగిలినవి మైసూరులో చేరాయి. అత్త ఆ తర్వాత వచ్చినప్పుడు గడపలోనే నిలబడి, "పరాయి రాష్ట్రం నుంచి వచ్చినానప్పా, రమ్మంటారా పొమ్మంటారా?" అని అడిగిందట. నాయన నవ్వలేదట. కోర్టు ఉద్యోగులు కొందరు కర్నూలుకు పోయారు. ఆయనకూ అవకాశం వచ్చింది, పోలేదు. ఎందుకని ఎప్పుడడిగినా "ఇల్లు సొంతం కదరా" అనే జవాబు. ఆ సొంత ఇల్లు రెండు గదులు, మూడు చోట్ల కారేది.

ఇక్కడొక చిన్న మాట. సినిమా పంపిణీదారులు రాయలసీమను ఇప్పటికీ "సీడెడ్" అంటారు. 1800లో నిజాము కుంఫిణీ వారికి ధారపోసిన దత్తమండలాలని దాని అర్థం. ఆ ధారపోసిన నేలలో బళ్ళారి కూడా ఉంది. మాట ఆంధ్రలో మిగిలింది, ఊరు ఇక్కడ మిగిలింది.

నా చిన్నతనం జట్కాల కాలం. స్టేషను బయట, నాటకశాల బయట, సినిమాహాళ్ళ బయట వరసగా నిలిచేవి. బండిలో పచ్చగడ్డి పరిచి దాని మీద జంఖానా వేసేవారు. కూర్చుంటే గడ్డి వాసన, గుర్రం వాసన, సాయిబు కాల్చే బీడీ వాసన కలిసి వచ్చేవి. మనుషులు వెనక్కి ఎక్కువైతే బండి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే గుర్రం మెడ మీద బరువు పడుతుంది. అందుకని "పెద్దమ్మా నువ్వు ముందుకు జరుగు, అబ్బోడా నువ్వు వెనక్కి పో" అని సర్దేవాడు. బస్సులో కండక్టరు కూడా జరగమంటాడు గానీ, అది ఇంకా నలుగురిని కుక్కడానికి.

ఆ జట్కావాళ్ళకు నాటకాలన్నీ వచ్చు. లోపల ఏ అంకం నడుస్తోందో బయటినుంచి పద్యం విని చెప్పేవారు. "ఇంకా రాయబారమే అయితాంది, ఒక కునుకు తీయచ్చు" అని గుర్రానికి గడ్డి వేసి కింద పడుకునేవారు. ఆట ఎంతసేపైనా వాళ్ళు ఉంటారనే ధీమా మాకు. మేము బయటికి వస్తామనే ధీమా వాళ్ళకు. బేరం మాత్రం గట్టిగా జరిగేది, అది వేరే సంగతి.

నేను 1970లో రైల్వేలో చేరాను. అప్పటికి గుంటూరు నుంచి గుంతకల్లు మీదుగా బళ్ళారి, హుబ్లీ దాకా ఒకే మీటరు గేజి పట్టా. దానివల్ల నాటకాలకు జరిగిన మేలు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. గుంటూరు వైపు సమాజం వాళ్ళు పెట్టెలు ఒకసారి ఎక్కిస్తే మళ్ళీ మా ఊళ్ళోనే దింపుకోవచ్చు. నడుమ గేజి మారే గొడవ లేదు. తెరలు చుట్టిన పొడుగు కట్టలు, హార్మోనియం పెట్టె, కిరీటాల పెట్టె, దుర్యోధనుడి గద అన్నీ నా తక్కెడ మీదికి వచ్చేవి. గద తూకం మూడు కిలోలు కూడా ఉండేది కాదు. ఆ సంగతి తెలిసిన తర్వాత భీముణ్ణి చూస్తే భయం పోయింది. పార్సిల్ రసీదు మీద "నాటక సామాను" అని రాసేవాణ్ణి. ఆ పెట్టెలు దిగిన రోజు సాయంత్రానికి స్టేషను బయట జట్కావాళ్ళకు కూడా ఏ నాటకమో తెలిసిపోయేది. కరపత్రాలు తర్వాత పంచేవారు.

సినిమా వచ్చి నాటకాన్ని మింగిందంటారు గానీ, మా ఊళ్ళో చాలా కాలం రెండూ ఒకే జట్కా ఎక్కాయి. మా ఊళ్ళో దారి చెప్పాలంటే రాయల్ సర్కిల్, మోతీ సర్కిల్ అనాల్సిందే. సినిమాహాళ్ళ పేర్లే కూడళ్ళకు నిలిచాయని పెద్దలు చెప్పేవారు. 1977 సంక్రాంతికి ఎన్.టి.రామారావుగారి దానవీరశూరకర్ణ వచ్చింది. మూడున్నర గంటలు దాటిన సినిమా. కొత్తగా పెళ్ళయిన మేమిద్దరం రెండో ఆటకు పోయాం. బయటికి వచ్చేసరికి రెండు దాటింది. చలి. పదీ పదిహేను జట్కాలు వరసగా ఉన్నాయి. మా ఆవిడ చీర కొంగు చెవులకు చుట్టుకొని, దారి పొడుగునా సుయోధనుడిదే న్యాయమని వాదిస్తూ వచ్చింది. జట్కా సాయిబు ఆమె పక్షం. నేను ఒంటరివాణ్ణి అయిపోయాను.

ఆ తర్వాతి మార్పులు ఒక్కొక్కటే వచ్చాయి, ఏది ఏ రోజున వచ్చిందో చెప్పలేం. ఊరు పెరిగింది. బండిహట్టి వైపు, కంటోన్మెంటు వైపు కొత్త కాలనీలు లేచాయి. జట్కా పోలేనంత దూరాలు అయ్యాయి. సిటీ బస్సులు వచ్చాయి. బస్సు మంచిదే, చవకే, పది మందిని ఎక్కించుకుంటుంది. కానీ బస్సుకు నిద్రవేళ ఉంది. జట్కావాడిలా నాటకం అయ్యేదాకా గుమ్మం ముందు పడుకోదు. పగలు పోయే బండి చవకైంది, రాత్రి తిరుగు బండి మాయమైంది. నాటకాలు పదకొండుకు ముగించడం, తర్వాత పదికి ముగించడం అప్పుడే మొదలైంది. మయసభ అంకం ఒకటి, రాయబారం అంకం ఒకటి అని ముక్కలు వేయడం కూడా అప్పుడే.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. దూరదర్శన్లో కన్నడ కార్యక్రమాలతోనే సరిపెట్టుకున్న మా ఇళ్ళకు కేబులు తీగ మీద తెలుగు వచ్చింది. మా అమ్మ టీవీ ముందు నుంచి లేచేది కాదు. తప్పు పట్టను. డెబ్భై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్టు ఎక్కలేదు. బండి కట్టకుండా, బేరమాడకుండా తెలుగు మాట ఇంట్లోకి నడిచి వచ్చింది. అంతకుముందు ఆమెను మేము ఎన్నిసార్లు నాటకానికి తీసుకుపోయామో లెక్క వేసుకుంటే నాకే సిగ్గు వేస్తుంది.

అదే తొంభైల నడుమ మా గుంతకల్లు–హుబ్లీ పట్టా బ్రాడ్ గేజి అయింది. పని జరుగుతున్నంత కాలం రైళ్ళు లేవు. నాటక సమాజాలు వ్యానులకు అలవాటు పడ్డాయి. పెద్ద పట్టా వచ్చింది, పెద్ద రైళ్ళు వచ్చాయి, కిరీటాల పెట్టె మాత్రం నా తక్కెడ మీదికి మళ్ళీ రాలేదు.

గనుల రోజుల గురించి ఎక్కువ రాయను. పేపర్లు, కోర్టులు చాలినంత రాశాయి. 2003 తర్వాత ఇనుప ఖనిజానికి ధర పెరిగి, 2011 జులైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించేదాకా, మా రోడ్లు లారీలవి. ఆరేసిన పంచె సాయంత్రానికి ఎర్రమట్టి రంగు. రాత్రిపూట స్కూటరు మీద భార్యను ఎక్కించుకొని హోస్పేట రోడ్డు దాటడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. డబ్బు మాత్రం వచ్చింది. కల్యాణమండపాలు వచ్చాయి, వాటి అద్దెలు విని మా సంఘం చెవులు మూసుకుంది. అదే కాలంలో, 2004లో, పరభాషా చిత్రాలు కర్ణాటకలో ఏడు వారాలు ఆలస్యంగా విడుదల కావాలని ఇక్కడి చిత్ర పరిశ్రమ పట్టుబట్టింది. మా వీధి కుర్రాళ్ళు రైలెక్కి యాభై కిలోమీటర్ల దూరంలోని గుంతకల్లులో మొదటి రోజు ఆట చూసి వచ్చేవారు. ఆటకు టిక్కెట్టు కంటే తిరుగు రైలు టైమే ముందు కనుక్కునేవారు. చూశారా, వాళ్ళకూ ఆ సంగతి తెలుసు!

2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైంది. మా ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే పని ఇంటింటా ఉంది. ఆ పనికి పోయే ఆడపిల్లలు పొద్దున బస్సులో నవ్వుకుంటూ పోవడం చూస్తే ముచ్చటేస్తుంది. మా ఆవిడ కూడా ఆధార్ కార్డు చూపించి కొట్టాలమ్మ గుడికి, చెల్లెలి ఇంటికి ఇష్టం వచ్చినప్పుడల్లా పోయివస్తుంది. "నీ దగ్గర పైసా అడగకుండా ఊరంతా తిరిగినాను చూడు" అంటుంది. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆమె నా దగ్గర బస్సు చార్జీ అడగాల్సి వచ్చేదని, ఆ అడగడం ఆమెకు కష్టంగా ఉండేదని నాకు అప్పుడే తట్టింది. అయితే ఆ బస్సూ రాత్రి తొమ్మిది తర్వాత మా వైపు రాదు.

సరే, ఫిబ్రవరి నాటకం దగ్గరికి వస్తాను.

5-30 అన్నది ఆరుంపావుకు మొదలైంది. సన్మానాలు నలభై నిమిషాలు తిన్నాయి. అందులో ఒకటి నాకే చేశారు కాబట్టి ఎక్కువ అనలేను. శాలువా కప్పుకొని కూర్చున్నాను. రెండువందల మంది దాకా వచ్చారు, హాలు కళగానే ఉంది. హరిశ్చంద్రుడి వేషం వేసినాయన గుంటూరు జిల్లా నుంచి వచ్చాడు, అరవై దాటిన మనిషి, గొంతులో ఇంకా కంచు ఉంది. ఎనిమిదిన్నర అయ్యేసరికి వారణాసిలో భార్యను అమ్మడం పూర్తయింది. కాటిసీను ఇంకా రాలేదు.

హాల్లో ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత ఇంకొకటి. ముగింపు వేళ పత్రికలో ఉంది కదా, అందరూ దాన్ని నమ్మి ఆటోలు చెప్పుకున్నారు. వంగి, నడుం పట్టుకొని, మాకు నమస్కారం పెడుతూ ఒక్కొక్కరే లేచిపోతున్నారు. వాళ్ళ ముఖాల్లో విసుగు లేదు. విసుగుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. తల వెనక్కి తిప్పి వేదిక చూస్తూ పోతున్నారు. హరిశ్చంద్ర నాటకానికి వచ్చి కాటిసీను చూడకుండా పోవడమంటే, పెళ్ళికి వచ్చి తాళి కట్టకముందే పోవడం. తెర మార్చే విరామంలో నేను లోపలికి పోయాను. ఆయన ఒంటికి బూడిద రాసుకుంటున్నాడు. "ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగాడు. అరవై మంది ఉంటారన్నాను. "చాలండి" అని కంబళి భుజాన వేసుకున్నాడు.

మమ్మల్ని తీసుకుపోవడానికి కౌల్‌బజారు ఆటో అబ్బాయి ఒకడిని ఎనిమిదిన్నరకు రమ్మన్నాను. వచ్చి తలుపు దగ్గర నుంచి చెయ్యి ఊపాడు. నేను లేవబోయాను. మా ఆవిడ లేవలేదు.

"కాటిసీను చూడకుండా నేను రాను. కావాలంటే నువ్వు పో" అంది.

నేను వెనక్కి పోయి, వెయిటింగుకు ఎంత కావాలో తీసుకోమని వాడితో చెప్పాను. వాడు సరేనని తలుపు పక్కనే గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి చూస్తే కూర్చున్నాడు. ఇంకాసేపటికి చూస్తే వెనక వరసలో ఒక కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. చంద్రమతి బిడ్డను తెచ్చి పడుకోబెట్టినప్పుడు వాడి జేబులో ఫోను మోగింది. తీసి చూడకుండానే ఆపేశాడు.

తొమ్మిదీ నలభైకి ముగిసింది. మెట్ల దగ్గర పధ్నాలుగు మంది ముసలివాళ్ళం, బయట ఒక్క ఆటో. నాటకం బాగుందని అందరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు గానీ, కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. ఆ అబ్బాయి మా ముఖాలు చూసి ఫోను తీశాడు. ఉర్దూలో ఇద్దరితో, కన్నడంలో ఒకరితో మాట్లాడాడు. పావుగంటలో నాలుగు ఆటోలు వచ్చాయి. ఎవరెవరు ఏ వైపు పోవాలో అడిగి వాడే సర్దాడు. "అమ్మా మీరు దీంట్లో, సార్ మీరు ఆ ఎనక బండి" అని చెబుతుంటే, నాకు చిన్నప్పుడు బండి బరువు సరిచూసిన సాయిబులు గుర్తొచ్చారు.

దారిలో వాడే మాట కలిపాడు. "మా దాదా జట్కా తోలేవాడు సార్. ఈ పద్యాలన్నీ పాడేవాడు. మాకు అర్థమయ్యేది కాదు. ఈయప్ప పాడితే ఇప్పుడు తెలిసింది, కాటికాపరి పద్యం అని."

వెయిటింగు డబ్బు ఇస్తే తీసుకున్నాడు. ఊరికే వద్దంటాడేమోనని నాలో ఒక మూల ఆశ ఉండింది, నిజం చెబుతున్నాను. తీసుకోవడమే మంచిదైంది. బండి దిగుతుంటే వాడే అన్నాడు: "ముందే చెప్పింటే పది బండ్లు పెట్టిస్తాంటిమి సార్. గంటకు ఇంత అని మాట్లాడుకుంటే సరిపోతుంది. ముసలోళ్ళను అట్ల నిలబెట్టద్దండి."

కమిటీలో ఈ సంగతి పెట్టాను. ఒకాయన "ఇది నాటక సంఘమా, ఆటో సంఘమా?" అన్నాడు. కోశాధికారి లెక్క వేశాడు. శాలువాలు, దండలు, మెమెంటోలు మానేస్తే ఎనిమిది ఆటోలకు మూడు గంటల వెయిటింగు వస్తుందని తేలింది. సన్మానాలు పూర్తిగా మానడానికి ఒప్పుకోలేదు గానీ, ఈసారికి ఒక్కరికే, అదీ అయిదు నిమిషాల్లో అన్నారు.

ఆగస్టు 2 రాఘవగారి జయంతి. ఆ రోజు నాటకానికి పత్రిక అచ్చుకు వెళ్ళింది. ముగింపు వేళ తీసేశాం. ఆ చోట "ఆట అయిన తర్వాత ఇళ్ళకు చేర్చే ఏర్పాటు ఉంది" అని వేయించాం. మా అత్త మనవరాలు ఆలూరు నుంచి వస్తానంది. రాత్రికి మా ఇంట్లోనే పడక. ఎనిమిది ఆటోల్లో ఏడు ఖాయమయ్యాయి. ఎనిమిదో అతనికి ఆ రాత్రి పెళ్ళి బాడుగ ఉందట, ఇంకొకణ్ణి వెతుకుతున్నాం.